మిట్ట ఏ దారిన ఉంది

బండెక్కే ముందు వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశావా? చూడలేదు. నీ మొహమే చెబుతోంది. ముందు బ్రేకు పట్టి బండిని ఒక అడుగు తోసి చూశావా? అదీ లేదు. పోనీ ఇంకొకరిచేతనైనా చూపించావా? దారిలో గాలి పోతే రోడ్డును తిడతావు, మేకును తిడతావు, ట్యూబు తయారుచేసినవాణ్ణి తిడతావు. నీ బద్ధకాన్ని మాత్రం పల్లెత్తు మాట అనవు. రోజూ పనికి వెళ్లొచ్చేవాడికైనా, పగలంతా తొక్కి ఊళ్లు దాటేవాడికైనా కావలసినవి రెండే. చూసే కన్ను, చూసింది చూసినట్టు చెప్పే నోరు. కన్ను లేనివాడు తాను పడతాడు, లేచి దులుపుకుంటాడు. నోరు చెడ్డవాడు ఇంకొకరిని పడేస్తాడు.

ఈ కథ ఆ రెండోవాడిది. కన్ను విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు.

అతను నీళ్ల ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి. పొద్దున్నే సైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగి, మూత తీసి, ముల్లు ఎక్కడుందో చూసి రాసుకుంటాడు. "మేం ఊళ్లో లేమండీ, నీళ్లు వాడనే లేదు" అని ఇల్లాలు చెబుతుంటే ఆమె మొహం చూడడు, తడిగా ఉన్న గుమ్మం చూస్తాడు. అలా చూసీ చూసీ మనిషి మాట మీద గురి పోయింది. ఊళ్లో అందరూ అతన్ని 'జాగ్రత్త' అనేవారు. ఎవరెదురైనా అతని నోట ముందు వచ్చే మాట అదే. సైకిలుకు రెండు తాళాలు వేసేవాడు. టీ తాగడానికి ఆగితే సీటు ఊడదీసి చంకలో పెట్టుకునేవాడు.

ఆదివారాలు పంపుహౌసు ఆవరణలో దూరాలు తొక్కేవాళ్లు చేరేవారు. వాళ్లకు జాగ్రత్త మాటంటే గురి. "దాహం వేయకముందే తాగండి, ఆకలి వేయకముందే తినండి. వేశాక తింటే ఆ తిండి మీకు పనికిరాదు, రేపటికి పనికొస్తుంది. మిట్ట ఎక్కేటప్పుడు పళ్లు బిగించి నిలబడి తొక్కకండి. కూచుని, చిన్న గేరులో, పాట పాడగలిగినంత నిదానంగా తొక్కండి. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే పట్టారో, బండి ఆగుతుంది, మీరు ఆగరు." అందరూ నవ్వేవారు. అతను నవ్వేవాడు కాదు. ఎవరు తన పంపు వంక చూస్తున్నారో గమనించేవాడు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. దూరం వెళ్లేవాళ్లు తమ బండి తాము చూసుకోరు. తొందరలో ఉన్న కన్ను తప్పు చూస్తుందని పెద్దవాళ్ల మాట. ఇంట్లో ఉండిపోయేవాళ్లు గాలి, బ్రేకులు, గొలుసు చూసి, హాండిలు చేతికిచ్చి "చూశాను" అంటారు. ఆ మాట విన్నాక మళ్లీ వంగి చూడటమంటే ఇచ్చినవాడి చెంప మీద కొట్టినట్టే. మాటల్లేని అత్తాకోడళ్లు కూడా ఆ ఒక్క మాట దగ్గర అబద్ధమాడేవారు కాదు.

ఇక మిట్ట సంగతి. ఆ ఊళ్లో మిట్ట ఒకటే. అది ఒకచోట ఉండేది కాదు. ఈ పొద్దు మార్కెట్టు వీధిలో ఉంటే రేపు కార్ఖానాల వైపు, ఎల్లుండి ఇటుక బట్టీల దారిలో. వచ్చిన చోట ఇళ్లను మెల్లగా పైకెత్తి, వెళ్లేటప్పుడు కుండలో నీళ్లు తొణక్కుండా దించేది. దాని మీద పడ్డ ఇళ్లవాళ్లు ఆ పూటకు మంచం కాళ్ల కింద ఇటుక పెట్టుకునేవారు. మున్సిపాలిటీ మనుషులు 'మిట్ట ఉంది, బ్రేకులు జాగ్రత్త' అన్న బోర్డును తోపుడుబండి మీద వేసుకుని పొద్దున్నే దాన్ని వెతుక్కుంటూ బయల్దేరేవారు. పాలవాడు పాలు పోస్తూ మిట్ట ఏ దారిన ఉందో చెప్పిపోయేవాడు. సైకిలు మీద పనికెళ్లేవాళ్లు అది విని వేరే దారి పట్టేవారు. అందరూ తప్పుకునే ఆ మిట్టను వెతుక్కుంటూ వెళ్లే మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. ఆమె జాగ్రత్త భార్య.

ఆమె చొక్కాల కార్ఖానాలో బొత్తాల కాజాలు కుట్టేది. కళ్లు మండేవి, మెడ పట్టేసేది. ఆసుపత్రిలో మందుల పెట్టె మోసే పని ఖాళీ పడిందని తెలిసి అర్జీ పెట్టుకుంది. సూదిమందులను మంచుగడ్డల పెట్టెలో పెట్టి, సైకిలు వెనక కట్టుకుని దూరపు ఊళ్లకు చేర్చాలి. పరీక్ష ఒక్కటే. పెట్టె తీసుకుని ఏటవతలి చిన్నాసుపత్రికి తన సైకిలు మీదే వెళ్లాలి, ఇంకే బండీ ఎక్కకూడదు. అక్కడ డాక్టరమ్మ మూత తీసేసరికి లోపల మంచు మిగిలి ఉండాలి. మంచు ఉంటే ఉద్యోగం ఉన్నట్టు. నీళ్లయితే మళ్లీ కాజాలే. అందుకని ఆమె రోజూ పని దిగాక సీటు వెనక ఇసుక మూట కట్టుకుని, మిట్ట ఎక్కడుంటే అక్కడికి పోయి, ఎక్కి దిగి ఎక్కి దిగి ఇంటికొచ్చేది.

ఈ సంగతి మీకు తెలిసింది, ఆమె అక్కకు తెలుసు. మొగుడికి మాత్రం తెలియదు.

"ఎందుకాలస్యం?" అన్నాడు అతను ఒక సాయంత్రం.

"మిట్ట తగిలిందండీ."

ఆమె లోపలికెళ్లాక అతను సైకిలు దగ్గర గొంతుక్కూచున్నాడు. టైరు గాడిలో ఎర్రమట్టి. సీటు వేలెడు పైకి లేచి ఉంది. క్యారియరు సందులో ఇసుక. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని చూశాడు. ఏటి ఇసుక.

మర్నాడు పాలవాణ్ణి ఆపాడు. "నిన్న మిట్ట ఎక్కడుంది?"

"నిన్నటిదెందుకు సారూ, ఈ పొద్దుటిది చెప్తా. మార్కెట్టు వీధి."

"నిన్నటిది అడిగాను."

"బట్టీల దారి." పాలవాడు క్యాను మూత బిగించాడు. "అలా చూస్తారేంటి. పాలల్లో నీళ్లకి కూడా మీటరు పెడతారా?"

బట్టీల దారి కార్ఖానాకు అటువైపు. ఇంటికొచ్చే మనిషికి అక్కడేం పని? ఆ సాయంత్రం ఆమె మళ్లీ మిట్ట తగిలిందంది. ఆ మర్నాడు పాలవాడు ఇంకో దారి చెప్పాడు. ఆ తర్వాత ఇంకోటి. ఒక్క దారే అయితే ఒక్క మనిషిని అనుమానించవచ్చు. రోజుకో దారి అయ్యేసరికి అతనికి దారికో మనిషి కనిపించసాగాడు. మార్కెట్టు వీధిలో అద్దాల కొట్టువాడు. కాలవ గట్టున లాకులు తిప్పేవాడు. కామెర్లు వచ్చిన కంటికి పాలూ పచ్చగానే ఉంటాయి. పాలవాడి మీద కూడా ఒక పూట అనుమానపడి, వాడు మరీ ముసలివాడని వదిలేశాడు.

అడిగితే చెప్పేది కదా అంటారేమో. అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతుందని అతని నమ్మకం. మీటరును ఎవరైనా అడుగుతారా, మూత తీసి చూడాలి గాని.

వదిన గారి ఇస్త్రీ కొట్టు ఆసుపత్రి ఎదురుగా ఉంది. మీటరు చూసే వంకతో అక్కడికెళ్లాడు. ఆమె పెట్టెలో బొగ్గులు ఊదుతోంది.

"ఏం మరిదీ, నీళ్ల లెక్కకొచ్చావా, మా చెల్లెలి లెక్కకొచ్చావా?"

"మీటరే వదినా."

"అయితే రాసుకో. పొద్దుటినుంచి మూడు పుక్కిళ్లు చల్లాను బట్టల మీద. నాలుగోది మింగాను, అదీ రాయి."

అతను మూత మూసి నిలబడ్డాడు. "మీ చెల్లెలు రోజూ ఆలస్యంగా వస్తోంది."

"వస్తోందిగా. రాకపోతే కదా అడగాలి."

"నీకేదో తెలుసు, దాస్తున్నావు."

"దాస్తున్నాను." ఆమె పెట్టె ఎత్తి చొక్కా చేతి మీద నడిపింది. "ఎందుకంటే నీకు చెబితే ముందు జాగ్రత్తలు చెబుతావు. తర్వాత వద్దంటావు. ఆ తర్వాత అసలు నన్నడక్కుండా ఎందుకనుకున్నావని తిడతావు. ఆ మూడూ అయ్యేసరికి దానికి వయసైపోతుంది. పో, పని చూసుకో, కాలర్లు మాడతాయి."

అన్ని మాటల్లో అతని చెవిన పడింది మొదటి ముక్క ఒక్కటే. దాస్తున్నాను. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కలిశారన్నమాట, అనుకున్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. ఆమె పెందలాడే లేచి, రొట్టెలు రెండు పొట్లం కట్టుకుని, స్టీలు డబ్బాలో పెరుగు పోసి చెంచా పెట్టుకుంది. సైకిలు తెచ్చి అతని ముందు నిలబెట్టింది.

"ఏటవతలికి వెళ్లాలండీ. కార్ఖానాకు సెలవు పెట్టాను. బండి చూస్తారా?"

"ఎవరితో?"

"ఒక్కదాన్నే."

"పనేంటి?"

"ఆసుపత్రి పని. వచ్చాక చెబుతాను. ఇప్పుడు చెబితే జరక్కుండా పోతుందేమోనని భయంగా ఉంది."

అతను ఆమె మొహం చూడలేదు. కొత్తగా నూనె రాసి దువ్విన జడ చూశాడు. బండిని నడిపించుకుంటూ పెరటి వసారాలోకి తీసుకెళ్లాడు. బ్రేకులు బిగించాడు. గొలుసుకు నూనె వేసి గుడ్డతో తుడిచాడు. అంతా ఎప్పటిలాగే, శ్రద్ధగా. తర్వాత వెనక చక్రం వాల్వు మూత తీసి, లోపలి ముక్కను అర చుట్టు వదులు చేశాడు. గాలి ఒక్కసారి పోదు. ఊరు దాటాక మెల్లమెల్లగా పోతుంది. సీటు కింద గుడ్డ సంచిలో పంపు, అతుకుల డబ్బా ఉంటాయి. వాటిని తీసి తన సంచిలో వేసుకున్నాడు. బరువు తేడా తెలియకుండా విరిగిన కొయ్య బట్టల స్టాండు కాలు ఒక ముక్క ఆ సంచిలో పెట్టి ముడి వేశాడు.

చంపాలని కాదు. పడేయాలని కూడా కాదు. దారిలో ఆగిపోతే ఎవడో ఒకడు సాయానికొస్తాడు. వచ్చేవాడెవడో చూడాలి, అంతే. చెడ్డపని చేసేవాడు దాన్ని ఎప్పుడూ అంతే అనే కొలుస్తాడు.

హాండిలు చేతికిచ్చాడు.

"చూశాను," అన్నాడు.

ఆమె నవ్వి, వంగి చూడకుండా ఎక్కి వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో పెట్టె కట్టించుకుని ఆమె ఊరు దాటేసరికి అతను అడ్డదారిన ముందే ఏటికి పోయే దారిలోని ఇటుక బట్టీల దగ్గరికి చేరాడు. వానలకు పని ఆగి బట్టీలు చల్లారి ఉన్నాయి. దారి నిర్మానుష్యంగా ఉంది. ఒక ఇటుకల దొంతర వెనక సైకిలు పడుకోబెట్టి, తాను నక్కి కూచున్నాడు. లెక్క తప్పలేదు. ఆమె కొద్ది దూరంలో కనిపించేసరికే వెనక చక్రం నేలకు అంటుకుని కొట్టుకుంటోంది. దొంతరకు సరిగ్గా ఎదురుగా దిగింది. బొటనవేలితో నొక్కింది. సీటు కింది సంచి ముడి విప్పింది.

కర్రముక్క బయటికొచ్చింది.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక చివర నీలం రంగు ఉంది. ఆ స్టాండుకు ఆ రంగు వేసింది ఆమే. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. పెట్టె మీద చేయి వేసి చూసింది. చల్లగా ఉన్నట్టుంది, మళ్లీ కదిలింది.

ఇంతలో ఎద్దుబండి ఒకటి వచ్చింది. దొంతర వెనక అతను మెడ సాచాడు. వచ్చాడు, అనుకున్నాడు.

"ఏమ్మా, గాలి పోయిందా?" బండివాడి నోట్లో పళ్లు లేవు.

"పోయింది తాతా. పంపుందా?"

"ఎద్దులకి పంపెందుకమ్మా. ఎక్కు, ఏటి దాకా దింపుతా."

"ఇంకో బండెక్కితే నా పని పోతుంది తాతా. సైకిలు మీదే వెళ్లాలి."

"అదేం పనమ్మా, నడవలేని బండినే నడపాలా?" అని ముసలాయన ఎద్దులను అదిలించి వెళ్లిపోయాడు.

గాలి లేకుండా, అతుకు లేకుండా నడిదారిలో చిక్కుకున్నవాళ్లకు ఒక ఉపాయం ఉంది. టైరు అంచును రింగు నుంచి ఒకవైపు తప్పించి, లోపల గడ్డి కూరాలి. మెత్తని గడ్డి కాదు, ముదురు గడ్డి, మెలిపెట్టి, రాయిలా గట్టిపడేదాకా. ఎంత కూరినా ఇంకొంచెం కూరాలి. తర్వాత అంచు ఎక్కించి, సీటు మీద ముందుకు జరిగి, బరువు ముందు చక్రం మీద ఉంచి, నిదానంగా తొక్కాలి. ఆమె పెరుగు డబ్బాలోంచి చెంచా తీసి, దాని కాడతో టైరు అంచు లేపింది. గట్టు మీది గడ్డి గుప్పిళ్లతో పీకింది. చేతులు కోసుకుపోయాయి. వేళ్లు పట్టనిచోట ఆ స్టాండు కాలుతోనే దట్టించింది.

అతని సంచిలో పంపుంది. లేచి రెండంగలు వేస్తే చేతికివ్వవచ్చు. అతను లేవలేదు. ముసలివాడు దారినపోయేవాడు, అసలువాడు ఇంకా రావాలి, అనుకున్నాడు. ఇటుక ధూళి గొంతులో పడి దగ్గొచ్చింది. నోరు మూసుకున్నా సగం బయటికొచ్చింది.

ఆమె చేతులు ఆగాయి. తలెత్తలేదు, ఇటు తిరగలేదు. కర్ర చేతిలో అలాగే ఉంది. ఎవరికోసమో ఆగినట్టు కొంతసేపు ఆగింది. అతని ఒళ్లంతా కళ్లయింది. ఇప్పుడొస్తాడు. ఎవరికోసమో చూస్తోంది, చూడు.

ఎవరూ రాలేదు. ఆమె మళ్లీ వంగి గడ్డి దట్టించడం మొదలుపెట్టింది. అంచు ఎక్కించి, పెట్టె తాడు బిగించి, ముందుకు జరిగి కూచుని తొక్కుకుంటూ పోయింది. అతను ఇంకా చాలాసేపు అక్కడే ఉన్నాడు, ఆలస్యమైనవాడెవడైనా వస్తాడేమోనని.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మిట్ట అతని వీధికొచ్చి ఉంది. సరిగ్గా అతని ఇంటి కిందే ఉంది. మున్సిపాలిటీ మనుషులు చెమటలు తుడుచుకుంటూ బోర్డు పాతుతున్నారు. అతను దిగి బండి తోసుకుంటూ ఎక్కాడు, మంచం కాళ్ల కింద ఇటుక పెట్టుకున్నాడు. ఒక్క పూటే కదా అనుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఆమె వచ్చింది. ఏటవతల ఎవరో కొత్త ట్యూబు వేసి పంపారు. మిట్టను కూచునే, చిన్న గేరులో, ఎక్కడా దిగకుండా ఎక్కింది. లోపలికొచ్చి కర్రముక్కను బల్ల మీద పెట్టింది.

"ఇది మన స్టాండు కాలే కదండీ."

"ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"పంపు సంచిలో."

"కార్ఖానాలో ఎవరో మార్చి ఉంటారు. మనుషులను నమ్మకు, జాగ్రత్తగా ఉండు అని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను."

ఆమె గొంతు పెంచలేదు. "గడ్డి కూరుతుంటే దగ్గు వినబడింది. ఇన్నేళ్లు పక్కన పడుకున్నదాన్ని, మీ దగ్గు నాకు తెలియదా. వస్తారేమోనని చేతిలో పని ఆపి కూచున్నాను."

అతను కర్రముక్కను బల్ల అంచు దాకా జరిపాడు.

"మూత తీస్తే గుప్పెడు మంచు మిగిలి ఉంది," అంది ఆమె. "ఉద్యోగమిచ్చారు. ఇక నుంచి ఆసుపత్రి దగ్గరే ఉంటాను."

"అక్కడెవరున్నారు?"

అప్పటికీ అతని నోట వచ్చిన మాట అదే. ఆమె బట్టలు సంచిలో సర్దుకుంటూ, "అక్క," అంది. బయటికెళ్లి, చక్రం నొక్కి చూసుకుని, బ్రేకు పట్టి చూసుకుని ఎక్కింది. తొక్కే పని లేకుండా వాలు ఆమెను కిందికి తీసుకెళ్లిపోయింది.

మర్నాడు పాలవాడు పైదాకా రాలేదు. కింద నిలబడి కేకేశాడు. "మిట్ట ఇక్కడే ఉంది సారూ. గిన్నె పట్టుకుని మీరే దిగండి."

ఆ మర్నాడూ అక్కడే ఉంది. వారం తిరిగినా కదల్లేదు. మున్సిపాలిటీ వాళ్లు బోర్డు కాళ్లకు సిమెంటు పోసి, తోపుడుబండిని వేరే పనికి వాడుకున్నారు. ఊళ్లో మిగతా దారులన్నీ చదునైపోయాయి. నీళ్లు అంత ఎత్తుకు ఎక్కవు గనక అతని కుళాయి ఎండిపోయింది. ఊరందరి మీటర్లూ చూసే మనిషి ఇంట్లో మీటరు ముల్లు కదలడం మానేసింది. రెండు బిందెలు హాండిలుకు తగిలించుకుని రోజూ తోసుకుంటూ ఎక్కేవాడు. బట్టీల దారి సంగతి బండివాడి నోట, వదిన నోట నలిగి ఊరంతా తెలిసింది. ఆదివారం పంపుహౌసు దగ్గర అతను చెబుతుంటే వినేవారు, తలలూపేవారు. దూరం వెళ్లే రోజున మాత్రం ఎవరూ అతని చేతికి బండి ఇచ్చేవారు కాదు.

ఇల్లు అంత ఎత్తున ఉండటంవల్ల అతని అరుగు మీద కూచుంటే ఊరి దారులన్నీ కనిపిస్తాయి. మార్కెట్టు వీధి, కాలవ గట్టు, కార్ఖానాలు, బట్టీలు, ఏటవతలి బాట, ఏదీ దాగదు. పొద్దున్నే ఆసుపత్రి గేటు లోంచి ఆమె సైకిలు బయల్దేరుతుంది. వెనక తెల్లటి పెట్టె. ఒక్కోరోజు ఒక్కో దారి. అతను కాఫీ చల్లారిపోయేదాకా చూస్తాడు. ఆమె చెట్టు కింద ఆగి నీళ్లు తాగుతుంది, దాహం వేయకముందే. రొట్టె తింటుంది. మళ్లీ ఎక్కుతుంది. ఎవరూ ఎదురు రారు, ఎవరూ వెంట పోరు. అద్దాల కొట్టువాడు తలెత్తి కూడా చూడడు. తాను అన్నాళ్లూ చూడాలని తపించినదంతా రోజూ అతని కళ్ల ముందే, పగటి వెలుగులో, పొద్దు గుంకేదాకా జరుగుతుంది. ఆమె ఒక్కతే వెళుతుంది, ఒక్కతే వస్తుంది, ఇస్త్రీ కొట్టు ముందు దిగుతుంది.

ఒకసారి పేరు పెట్టి పిలిచాడు. అంత దూరానికి దగ్గు కూడా వినబడదు.